దంతవైద్యశాలలో కంటికి కనిపించని శుచి

పంటి నొప్పి ముందు వైద్యుడైనా, రోగి అయినా ఒక్కటే. రెండు సంవత్సరాల క్రితం నా కుడివైపు దవడపన్ను పుచ్చి, వేరు వరకు చీము పట్టినది. లవంగ తైలం, త్రిఫలా కషాయంతో పుక్కిలింత కొన్ని దినములు ఉపశమనం ఇచ్చినవి గాని, అంతగా పుచ్చిన పన్ను తిరిగి మంచిది కాదు. తీయించుకొనక తప్పలేదు. మా పట్టణంలోని ఒక దంతవైద్యశాలకు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. అక్కడి సహాయకుడు ఒక స్టీలు పళ్ళెంలోని నీటి నుండి పనిముట్లను తీసి, గుడ్డతో తుడిచి వైద్యుని ముందుంచాడు. వీటిని ఎట్లు శుద్ధి చేశారని అడగవలెనని నాలుక చివరి వరకు వచ్చినది. నలభై ఏళ్ళుగా నా రోగులకు “సందేహముంటే అడగండి, మొహమాటపడవద్దు” అని చెబుతూ వచ్చిన నేను, ఆనాడు నోరు తెరచి కూర్చున్నాను గాని నోరు విప్పి అడగలేదు.

నాకు అపకారమేమీ జరగలేదు. అయితే కొన్ని నెలల తరువాత రక్తపరీక్ష చేయించుకొని, కామెర్లను కలిగించే హెపటైటిస్ క్రిములు లేవని తెలుసుకొనే వరకు మనసు కుదుటపడలేదు.

ఈ సంక్రాంతికి నా పూర్వ శిష్యుని కుమార్తె ఇంగ్లండు నుండి వచ్చినది. ఆమె అక్కడ దంతవైద్యురాలు. నా సంగతి విని, “తాతగారూ, మా దగ్గర ఆ ప్రశ్న రోగి తరపున అడగడానికి ఒక సంస్థే ఉన్నది. మొన్న అక్టోబరులో మా వైద్యశాలకు వచ్చి పొద్దుటి నుండి సాయంత్రం వరకు ఒక్కొక్కటే చూపించమన్నారు” అన్నది. ఆ తనిఖీ స్వరూపమేమిటో, దాని వల్ల రోగికి కలిగే రక్షణ ఏమిటో, అందులో మనము గ్రహించవలసినది ఏమిటో పాఠకులకు వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

కంటికి కనిపించని దోషం

పనిముట్టు తళతళ మెరుస్తూ ఉన్నంత మాత్రాన శుద్ధమైనదని చెప్పలేము. నోటిలోని రక్తం, లాలాజలం కంటికి ఆనని పరిమాణంలో పనిముట్టు పళ్ళ సందులలో, డ్రిల్లు లోపలి గొట్టాలలో నిలిచి ఉండగలవు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వంటి వ్యాధులు ఒకరి రక్తం మరొకరి రక్తంలో కలియుట వలన సంక్రమించేవి. అవి బయటపడడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. అప్పటికి ఆ కుర్చీ రోగికి జ్ఞాపకం కూడా ఉండదు.

దూరదేశం వరకు పోనక్కర లేదు. మన చిత్తూరు సరిహద్దుకు సమీపంలో, తమిళనాడు తిరుపత్తూరు జిల్లాలో వాణియంబాడి పట్టణమున్నది. 2023లో అక్కడి ఒక దంతవైద్యశాలలో చికిత్స పొందిన కొందరికి మెలియాయిడోసిస్ అనే వ్యాధి మెదడుకు సోకి, ఎనిమిది మంది మరణించారు. ఈ వ్యాధి క్రిమి మట్టిలోను, నీటిలోను ఉండేది. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు, ఇతర పరిశోధకులు కలిసి జరిపిన పరిశీలన 2025లో ప్రచురితమైనది. వారు కనుగొన్న కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. గాయాన్ని కడిగే సెలైన్ సీసాను, శుద్ధి చేయని శస్త్రపు పనిముట్టుతో తెరచి, మూతికి దూది పెట్టి, అదే సీసాను మళ్ళీ మళ్ళీ వాడారు. అంతే. ఖరీదైన యంత్రం చెడలేదు, వైద్యునికి విద్య లేక కాదు. ఒక సీసా మూత విషయంలో అలవాటుగా మారిన అజాగ్రత్త ఎనిమిది కుటుంబాలను దుఃఖంలో ముంచినది.

కుర్చీలో వెనుకకు వాలి, దీపపు వెలుగు కళ్ళలో పడుతున్న రోగి ఆ సీసాను చూడలేడు. చూచినా తెలుసుకొనలేడు. కనుక తెలిసినవారు, ఆ వైద్యశాలతో లాభనష్టాలు లేనివారు వచ్చి చూడవలెను. తనిఖీకి మూలమైన న్యాయం ఇదే.

ఇంగ్లండులోని ఏర్పాటు

ఇంగ్లండులో ఈ పని చేసే సంస్థ పేరు కేర్ క్వాలిటీ కమిషన్. అది 2009లో పని ప్రారంభించినది. 2008 నాటి ఆరోగ్య, సామాజిక సంరక్షణ చట్టం దానికి అధికారమిచ్చినది. 2011 ఏప్రిల్ నుండి దంతవైద్యశాలలు కూడా దాని వద్ద నమోదు కావలసి వచ్చినది. నమోదు లేకుండా అక్కడ దంతవైద్యశాల నడపడం నేరం. దంతవైద్యుని విద్యార్హత, నడవడి చూచే సంస్థ వేరే కలదు. అది జనరల్ డెంటల్ కౌన్సిల్. అనగా, ఒకరు వైద్యుని చూస్తారు, మరొకరు వైద్యశాలను చూస్తారు.

తనిఖీకి వచ్చే అధికారి వెంట సాధారణంగా దంతవైద్యం తెలిసిన సలహాదారు కూడా ఉంటారు. చాలావరకు ముందుగా తెలిపి వస్తారు. ఫిర్యాదు గాని, ఆందోళన గాని ఉన్నచోటికి తెలుపకుండా కూడా రావచ్చును. అన్ని వైద్యశాలలనూ ఏటేటా చూడరు. చూచిన తరువాత నివేదికను అందరూ చదువుకొనేటట్లు బహిరంగంగా ప్రకటిస్తారు. లోపముంటే సరిదిద్దమని నోటీసు ఇస్తారు, హెచ్చరిస్తారు, లోపం తీవ్రమైతే షరతులు విధించుటకు, నమోదును నిలిపివేయుటకు, రద్దు చేయుటకు సైతం వారికి అధికారం కలదు.

ఐదు ప్రశ్నలు

వారి తనిఖీ అంతా ఐదు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ రోగికి రక్షణ ఉన్నదా? చికిత్స ఫలవంతమైనదా? రోగిని ఆదరంతో చూస్తున్నారా? రోగి అవసరానికి తగినట్లు స్పందిస్తున్నారా? వైద్యశాలను సక్రమంగా నడిపే నాయకత్వం ఉన్నదా? ప్రశ్నలు సులభమైనవే. అయితే “ఉన్నది” అనే మాట జవాబుగా చెల్లదు. చూపించవలెను.

మొదటి ప్రశ్నకు జవాబు వెదకుతూ ఒక పనిముట్టు వెంట నడుద్దాము. రోగి నోటి నుండి తీసిన పనిముట్టును మూత గల పెట్టెలో శుద్ధి జరిగే చోటికి తీసుకొని పోవలెను. అక్కడ మురికి పనిముట్లు ఒక వైపు నుండి ప్రవేశించి, శుద్ధమైనవి మరొక వైపుకు చేరవలెను, రెండూ ఎదురుపడరాదు. మొదట కడగడం. తరువాత దీపం అమర్చిన భూతద్దం కింద పెట్టి, రక్తపు మరక గాని, పన్నుపొడి గాని మిగిలినదేమో చూడడం. మిగిలితే మళ్ళీ కడగడం. మలినం అంటియున్న పనిముట్టుకు ఆవిరి సరిగా తగలదు గనుక ఈ క్రమం తప్పరాదు. ఆ పిదప ఆటోక్లేవ్ అనే యంత్రంలో పెడతారు. అది మన ఇంటి ప్రెషర్ కుక్కరు వంటిదే గాని, అందులో ఆవిరి వేడి 134 నుండి 137 డిగ్రీల సెల్సియస్ వరకు చేరి, కనీసం 3 నిమిషములు అట్లే నిలువవలెను. కేవలం మరిగే నీరు 100 డిగ్రీలు మాత్రమే. కొన్ని క్రిముల బీజాలు ఆ వేడికి చావవు. నీళ్ళలో మరిగించి తీశామనే మాట అందుచేత చాలదు. చివరకు కవరులో మూసి, తేదీ వేసి భద్రపరుస్తారు. అట్లు కవరులో ఉన్నవాటిని కూడా ఏడాది దాటితే మళ్ళీ శుద్ధి చేయవలెను.

తనిఖీ అధికారి ఈ క్రమమంతా సిబ్బంది చేత చేయించి చూస్తారు. అంతటితో ఆగక, యంత్రం సరిగా పనిచేసినదని ప్రతిదినం పరీక్షించి వ్రాసిన పుస్తకం చూపించమంటారు. తాము వచ్చిన దినం మాత్రమే శుచిగా ఉన్నారా, రాని దినాలలో కూడా ఉన్నారా అనేది ఆ పుస్తకం చెబుతుంది.

తరువాత నీరు. డ్రిల్లుకు నీరు తెచ్చే సన్నని గొట్టాలలో రాత్రంతా నీరు నిలిచి, లోపలి గోడలకు క్రిములు పాచివలె పట్టుకొంటాయి. 2011లో ఇటలీలో 82 సంవత్సరాల వృద్ధురాలు లెజియోనెల్లా అనే క్రిమి వల్ల ఊపిరితిత్తుల జబ్బుతో మరణించగా, ఆ క్రిమి ఆమె వెళ్ళిన దంతవైద్యశాల నీటి గొట్టాలలోనిదేనని తేలినది. అందుచేత ఉదయం పని మొదలుపెట్టే ముందు కనీసం 2 నిమిషములు, ఒక రోగికీ మరొక రోగికీ నడుమ 20 నుండి 30 సెకన్లు నీటిని వదిలివేయవలెనని ఇంగ్లండులో నియమం.

ప్రాణాపాయం కలిగినప్పుడు ఉపయోగపడే సామగ్రిని కూడా చూస్తారు. మత్తు సూది పడక శరీరం ఒక్కసారిగా కుప్పకూలడం, గుండె నొప్పి, ఆయాసం, మూర్ఛ, చక్కెర పడిపోవడం దంతవైద్యుని కుర్చీలోనే సంభవించవచ్చును. అందుకు కావలసిన అడ్రినలిన్, ఆస్పిరిన్, గ్లూకోజు మొదలైన మందులు, ఆక్సిజన్ సిలిండరు, ఆగిన గుండెను తిరిగి నడిపించే విద్యుత్ పరికరం సిద్ధంగా ఉండవలెను. వాటిని వారం వారం చూచి, గడువు తేదీలు సరిచూచి వ్రాయవలెను. సిబ్బందికి ఆ శిక్షణ ఉండవలెను. ఎక్స్‌రే తీస్తే ఎందుకు తీశారో, అందులో ఏమి కనిపించినదో రోగి చీటీలో ఉండవలెను.

రెండవ ప్రశ్న చికిత్సను గురించినది. రోగికి ఉన్న మార్గాలన్నీ, వాటి లాభనష్టాలు, ఖర్చు చెప్పి సమ్మతి పొందారా అని రోగుల చీటీలు చూచి తెలుసుకొంటారు. మూడవది ఆదరం. లోపలి మాటలు బయటివారికి వినబడుతున్నవా, భయపడే పిల్లలతో ఎట్లు మాట్లాడుతున్నారు అని గమనిస్తారు, రోగులనే అడుగుతారు. నాలుగవది స్పందన. నొప్పితో హఠాత్తుగా వచ్చినవారికి ఎంతసేపటిలో చూస్తున్నారు, చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా, ఫిర్యాదు చేస్తే ఏమి జవాబు ఇచ్చారు అని చూస్తారు. ఐదవది నాయకత్వం. తప్పు జరిగినప్పుడు రోగికి ఉన్నదున్నట్లు చెప్పి క్షమాపణ కోరడం అక్కడ చట్టం విధించిన ధర్మం. ఆ తప్పు మళ్ళీ జరగకుండా ఏమి మార్చారో కూడా చూపవలెను.

తనిఖీకి గల పరిమితి

ఇంత ఏర్పాటు ఉన్నచోట అనర్థమే జరగదా అని పాఠకులు అడగవచ్చును. జరిగినది. 2014లో నాటింగ్‌హామ్ ప్రాంతంలోని ఒక దంతవైద్యుడు రోగికీ రోగికీ నడుమ గ్లవుజులు మార్చుకొనకుండా, పనిముట్లు శుద్ధి చేయకుండా చికిత్స చేస్తున్నట్లు రహస్యంగా తీసిన వీడియో వల్ల వెల్లడైనది. ఆయన చూచిన సుమారు 22,000 మంది రోగులను రక్తపరీక్షలకు రమ్మని పిలువవలసి వచ్చినది. తరువాత ఆయన పేరును దంతవైద్యుల పట్టిక నుండి తొలగించారు.

అధికారి వచ్చిన దినం ఒక్కటి. రాని దినములు అనేకము. ప్రతిదినం చూచేది తోటి సిబ్బందే. తప్పు కనిపిస్తే నిర్భయంగా చెప్పే వీలు వారికి ఉన్నదా అని తనిఖీలో అడిగేది అందుకే. నోరు మూయించిన చోట పుస్తకాలు ఎంత చక్కగా వ్రాసినా రోగికి రక్షణ లేదు.

మన శాస్త్రం, మన చట్టం

ఇదంతా పరదేశపు పద్ధతి అని కొట్టివేయడానికి లేదు. శాస్త్రం చదివి, కర్మాభ్యాసం చేసినవాడు కూడా రాజు అనుమతి పొందిన తరువాతనే వైద్యవృత్తిలో ప్రవేశించవలెనని సుశ్రుతసంహిత సూత్రస్థానం విధించినది. అనర్హుడైన వైద్యుడు జనులకు హాని చేస్తే అందులో పాలకుని దోషాన్ని కూడా అది ఎత్తిచూపినది. పళ్ళకు సంబంధించిన దంతశంకువు సుశ్రుతుడు చెప్పిన ఇరువది శస్త్రాలలో ఒకటి. ఇక చరకుడు చికిత్సకు నాలుగు పాదాలను చెప్పి, ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలను నిర్దేశించాడు. వైద్యుని గుణాలలోను, పరిచారకుని గుణాలలోను శౌచము కలదు. మా గురువుగారు ఈ భాగం చెప్పిన దినం పుస్తకం మూయించి, ముందు కల్వం కడిగి తెమ్మన్నారు. కడిగి తెచ్చిన కల్వాన్ని వేలితో రాచి, వాసన చూచి, మళ్ళీ కడగమన్నారు. భూతద్దం లేని కాలంలో ఆయన చేసినది కూడా తనిఖీయే.

మన దేశంలో 1948లో దంతవైద్యుల చట్టం వచ్చినది. 2023లో జాతీయ దంత కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించినది. వైద్యశాలల నమోదుకు, ప్రమాణాలకు 2010లో కేంద్ర చట్టం చేశారు. దానిని స్వీకరించిన రాష్ట్రాలలో దంతవైద్యశాలలే గాక ఆయుర్వేద వైద్యశాలలు కూడా దాని పరిధిలోనివే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు అల్లోపతి వైద్యసంస్థల నమోదుకు 2002లోనే ప్రత్యేక చట్టం వచ్చినది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వైద్యశాల చెత్తను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరు చేయవలెను. సూదులు, బ్లేడులు గుచ్చుకొనని గట్టి తెల్లని డబ్బాలో పడవలెను. ఇది రోగి కూడా కూర్చున్నచోటి నుండి చూడగలిగినది.

పాఠకులు అడగవలసినవి

చరకుడు రోగికి చెప్పిన గుణాలలో రెండు ఇక్కడ స్మరించవలసినవి. ఒకటి నిర్భయత్వం, రెండవది తన స్థితిని వైద్యునికి తెలియజెప్పగలగడం. ఆనాడు కుర్చీలో నాకు మొదటి గుణం లోపించినది. పాఠకులకు అట్లు జరగకుండా ఈ ప్రశ్నలను జ్ఞాపకం ఉంచుకొనవలెను.

1. పనిముట్లను ఆటోక్లేవ్‌లో పెడతారా? కవరును నా ముందే తెరుస్తారా? కవరుపై వేడికి రంగు మారే గుర్తు ఉంటుంది. రంగు మారకపోతే అది యంత్రంలోకి పోలేదన్నమాట. మారినంత మాత్రాన సంపూర్ణ శుద్ధికి హామీ కాదు గాని, అది మొదటి ఆనవాలు.

2. మత్తు సూది, సిరంజి కొత్తవేనా? డ్రిల్లును కూడా ప్రతి రోగి తరువాత శుద్ధి చేస్తారా?

3. గాయం కడిగే సెలైన్ సీసా ఇప్పుడు తెరచినదేనా?

4. వైద్యుడు, సహాయకుడు నా కోసం కొత్త గ్లవుజులు తొడుగుకొన్నారా? అదే చేతితో ఫోను తీసి, మళ్ళీ నోటిలో పెట్టరాదు.

5. వైద్యుని రిజిస్ట్రేషన్ పత్రం గోడపై ఉన్నదా?

మర్యాదగా అడిగితే మంచి వైద్యుడు కోపగించడు. సంతోషించి చూపిస్తాడు. విసుగుకొన్నచోట లేచి రావడం దోషం కాదు.

మన వంతుగా చెప్పవలసినవి కూడా కలవు. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు, గర్భం, ఇదివరలో ఏ మందు పడలేదు అనేవి దాచరాదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు తప్పక చెప్పవలెను. తమంతట తాము మానరాదు. “ఆయుర్వేదమే గదా” అని మా కషాయాలను, చూర్ణాలను చెప్పకుండా ఉండడం కూడా తప్పే.

పన్ను తీయించుకొన్న దినం పుక్కిలించరాదు, గట్టిగా ఉమియరాదు, పొగ తాగరాదు. గాయంలో గడ్డకట్టిన రక్తమే దానికి కట్టు. నూనె పుక్కిలింతలు కూడా గాయం మానే వరకు ఆపవలెను. ఇరువదినాలుగు గంటల తరువాత గోరువెచ్చని ఉప్పునీటిని నోటిలో మెల్లగా తిప్పి వదలవచ్చును. రక్తం ఆగకపోయినా, జ్వరం, వాపు పెరిగినా తిరిగి వైద్యుని వద్దకు పోవలెను. ముఖం వాచి మింగడం, ఊపిరి కష్టమైతే గృహవైద్యంతో కాలం గడపక వెంటనే పెద్ద ఆసుపత్రికి చేరవలెను.

చివరగా ఒక మాట. ఆ అమ్మాయి వెళ్ళిన మరునాడు ఆ ఐదు ప్రశ్నలను నా వైద్యశాలకే వేసుకొన్నాను. అలమరలో కషాయాల సీసాలు వరుసగా, శుభ్రంగా ఉన్నవి. నాలుగింటి మీద కాచిన తేదీ లేదు. ఎప్పటివో నా కుమారుడు చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేకపోయాను. ఆ నాలుగూ పారబోయించాను. ఇప్పుడు అలమర పక్కన ఒక పుస్తకం వ్రేలాడుతున్నది. ఏ సీసా ఎప్పుడు కాచినది, ఏ పాత్ర ఎవరు కడిగినది అందులో వ్రాస్తున్నాము. నా వద్దకు వచ్చే ఎవరైనా దానిని తెరచి చూడవచ్చును.